మామిడి లారీకి లేని సరిహద్దు

మాది నూజివీడు. మామిడి కోతలు జోరుగా సాగేది మే నెలలోనే. 2021 మేలో, కరోనా రెండో వేవ్ అప్పుడు, తెలంగాణలోకి సరుకు లారీలకి అనుమతి ఉంది. ఆగినవల్లా అంబులెన్సులు! కోదాడ దగ్గర రామాపురం క్రాస్‌రోడ్డులో, కర్నూలు వైపు పుల్లూరు టోల్‌గేటు దగ్గర.

ఆసుపత్రిలో బెడ్డు ఖాయమై, కంట్రోల్ రూం అనుమతి ఉంటేనే రానిస్తామని మే 11న తెలంగాణ సర్క్యులర్ ఇచ్చింది. మే 14న హైకోర్టు దానిమీద స్టే ఇచ్చింది.

తెలంగాణ వాదన కొట్టిపారేయలేం. బెడ్లు, ఆక్సిజన్ వాళ్ళకీ కటకటే. కానీ చరిత్ర కూడా చూడాలి కదా. 108 మొదలైన 2005లో, ఆరోగ్యశ్రీ వచ్చిన 2007లో ఒకటే రాష్ట్రం. పెద్దాసుపత్రులు ఎక్కువగా హైదరాబాద్‌లోనే పెరిగాయి. 2014 జూన్ 2న రాష్ట్రం రెండైంది గానీ రోగి దారి మారలేదు. పైగా చట్టప్రకారం 2021లో హైదరాబాద్ ఇంకా ఉమ్మడి రాజధానే!

మన భాషలో చెప్పాలంటే, ఒక అప్లికేషన్‌ని రెండు ముక్కలు చేసి మధ్యలో ఇంటర్‌ఫేస్ రాయలేదు. రాజ్యాంగంలో వీల్లేక కాదు. ప్రజారోగ్యం రాష్ట్రాల జాబితాలో ఉన్నా, అంటురోగాలు రాష్ట్రం నుంచి రాష్ట్రానికి పాకకుండా చూడటం ఉమ్మడి జాబితాలో 29వ అంశం. అంటే కేంద్రానికీ బాధ్యత ఉంది.

2024 జూన్ 2తో ఉమ్మడి రాజధాని గడువూ తీరిపోయింది. ఇంకో మహమ్మారి రాకముందే, ఏ రోగిని ఎవరు చేర్చుకోవాలో, ఖర్చు ఎవరిదో రెండు ప్రభుత్వాలూ కూర్చుని రాసుకోవాలని నా అభిప్రాయం. అర్ధరాత్రి రోడ్డుమీద కానిస్టేబుల్ తేల్చాల్సిన విషయమా ఇది? మీరేమంటారు?