ఖర్చు పోగా మిగిలినదే రాబడి

పన్ను రాబడి మీద వేయవలసినదని అందరును అంగీకరింతురు. అయితే రాబడి యనగా నేమి? చేతికి వచ్చినదంతయునా, లేక దానిని సంపాదించుటకై చేతినుండి పోయినది తీసివేయగా మిగిలినదా? ఈ ప్రశ్న నేటి ఆదాయపు పన్ను పత్రములతో పుట్టినది కాదు. మార్కాపురము, కంభము, గిద్దలూరు సీమల రైతులు రెండువందల యేండ్లకు పూర్వమే దీనిని ఎదుర్కొనిరి.

1800లో నిజాము ఈస్టిండియా కంపెనీకి వదలివేసిన దత్త మండలములలో ఈ ప్రాంతమును చేరియుండెను. ఆ మండలములకు ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో పొలములను కొలిపించి, రైతువారీగా శిస్తు కట్టించెను. ఆ శిస్తు మొత్తము పంటలో నూటికి నలుబదియైదు పాళ్లవరకు ఉండెనని ఆయనయే లెక్కగట్టెను. మిగిలిన యేబదియైదు పాళ్లు రైతు లాభమని భ్రమపడరాదు. విత్తనములు, ఎద్దుల మేత, కూలి, పనిముట్లు, ఇంటిల్లిపాది తిండి అన్నియు అందులోనుండియే వెళ్లవలెను. ఒక్క యేడు వాన తప్పినచో మిగులునది అప్పే.

ఈ సంగతి గ్రహించిన మన్రో 1807లో శిస్తును నూటికి ఇరువదియైదు వంతున తగ్గింపవలెనని సిఫారసు చేసెను. బావినీటితోను, వాగులనుండి ఎత్తిపోసిన నీటితోను సాగగు భూములకు మరి యెనిమిది వంతులు తగ్గింపవలెనని కోరెను. దానికి ఒక షరతు పెట్టెను: ఆ బావులను రైతు తన ఖర్చుతోనే బాగుచేసికొనవలెను. కపిల తోలి పైరు పెంచు మెట్టసీమలో ఈ షరతు విలువ యెంతటిదో వేరుగా చెప్పనక్కరలేదు. పని సాగుటకై రైతు పెట్టిన ఖర్చును పన్ను లెక్కలో గుర్తింపవలెనన్న సూత్రము ఇందులో స్పష్టముగా నున్నది.

పైవారు ఆ సిఫారసును వెంటనే అంగీకరింపలేదు. గ్రామములను మొదట మూడేండ్లకు, పిదప పదియేండ్లకు గుత్తకిచ్చి చూచిరి. 1820లో మన్రో మద్రాసు గవర్నరుగా తిరిగి వచ్చిన తరువాతనే తగ్గింపు అమలులోనికి వచ్చినది.

1858లో కంభము, మార్కాపురము తాలూకాలు కడప నుండి కర్నూలు జిల్లాకు మారినవి. 1864లో మద్రాసు రాజధానిలో మరియొక సూత్రము స్థిరపడినది: ప్రభుత్వ భాగము నికరఫలములో సగము మించరాదు. పంట కోయించి దిగుబడి చూతురు. చెడు సంవత్సరములకు, పనికిరాని నేలకు కొంత తగ్గింతురు. విత్తనములు, ఎద్దులు, ఎరువు, పనిముట్లు, కూలి తీసివేయుదురు. మిగిలినదానిలో సగము శిస్తు. పద్ధతి న్యాయమైనదే. కాని ఖర్చుల పట్టిక రైతు వ్రాసినది కాదు, కచ్చేరీ వ్రాసినది. ఖర్చు తక్కువగా వ్రాసినచో నికరము కాగితముమీద పెరుగును. దానితో శిస్తును పెరుగును.

ఆదాయపు పన్ను మనదేశమున 1860లో జేమ్స్ విల్సన్ కాలమున వచ్చినది. మధ్యలో ఆగి, రూపుమారి, 1886 చట్టముతో నిలదొక్కుకొనినది. ఆ చట్టము సేద్యపు రాబడిని విడిచిపెట్టినది. వ్యాపారి తన వ్యాపారమునకే పూర్తిగా వెచ్చించిన సొమ్మును తగ్గించుకొనవచ్చును. మార్కాపురము పలకల వ్యాపారికి గనిలో కూలి, రవాణా ఖర్చులు అట్టివి. యంత్రముల ఖరీదు తరుగుదల రూపమున ఏటేట లెక్కకు వచ్చును. సొంత ఇంటి ఖర్చు మాత్రము చెల్లదు.

జీతగాండ్ర కథ వేరు. 1961 చట్టము మొదట ఉద్యోగపు పనికి కావలసిన పుస్తకములకు, వాహనమునకు, ఉద్యోగ నిబంధనలవలన తప్పనిసరియైన ఖర్చులకు విడివిడిగా తగ్గింపు నిచ్చినది. 1974లో వానికి బదులు, రసీదులు చూపనక్కరలేని ప్రామాణిక తగ్గింపు వచ్చినది. 2005లో దానిని రద్దుచేసిరి. 2018లో నలుబదివేల రూపాయలుగా మరల తెచ్చిరి. మరుసటి యేట యేబదివేలు చేసిరి. 2024లో క్రొత్త పన్ను విధానమును ఎంచుకొనువారికి డెబ్బదియైదువేలకు పెంచిరి.

ఇందువలన సౌలభ్యము కలిగినదనుట నిజము. గిద్దలూరు నుండి దూరపు పల్లెకు బస్సులో పోయివచ్చు ఉపాధ్యాయుడు టిక్కెట్లు దాచుకొనక్కరలేదు. కాని బడి ప్రక్కనే కాపురముండు సహోద్యోగికిని అతనికిని తగ్గింపు ఒక్కటే. విడిగా లెక్క చూచినచో న్యాయము హెచ్చు, చిక్కులును హెచ్చు. అందరికి ఒక్కటే కొలత పెట్టినచో చిక్కులు తగ్గును, న్యాయమును కొంత తగ్గును.

మన్రో కాలపు బావినుండి నేటి జీతపు పత్రము వరకు వాదము ఒక్కటే: సంపాదించుటకు అయిన ఖర్చు సంపాదన కాదు. ఆ ఖర్చును ఎవరు వ్రాయవలెను, ఎట్లు నమ్మవలెను అన్నచోటనే తగవంతయు నున్నది. కనుక గృహస్థులు తమ పనికై వెచ్చించునది ఒక చిన్న పుస్తకములో వ్రాసికొనుట మంచిదని మేము తలంతుము. వ్యాపారమో సొంతవృత్తియో చేయువారికి ఆ లెక్కయే ఆధారము. జీతగాండ్రకు దానివలన పన్ను తగ్గకపోవచ్చును. కాని తమ నిజమైన రాబడి యెంతయో తెలియును.