ఇల్లే కర్మాగారమైన చోట

ముమ్మిడివరము పరిసరములందు కొబ్బరిపీచుతో తాళ్ళు పేను స్త్రీలకును, గోదావరి పాయయగు వశిష్ఠకు పడమట నరసాపుర ప్రాంతమున లేసు అల్లు స్త్రీలకును గృహమే కర్మాగారము; ఇంటనుండి పనిచేయువారి హక్కుల చర్చ కంప్యూటరుతో పుట్టినదని తలంచువారు వీరిని మఱచిరి కాబోలు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము వీరి గడప త్రొక్కలేదు. ఆ యేటి కనీస వేతనాల చట్టము మాత్రము, ఒకరిచ్చిన సరుకును ఇంటనే తయారుచేయువారిని సైతము ఉద్యోగులుగా నిర్వచించెను. అయినను వర్తకునకును వీరికిని నడుమ దళారి నిలిచినప్పుడు యజమాని యెవ్వరో తేల్చుట కష్టసాధ్యము; ముక్కకింత యని లెక్కగట్టిన కూలికి సాక్ష్యమేది? వీరివలె ఇంటనే పనిచేయు బీడీ కార్మికులకైతే 1966లో ప్రత్యేక చట్టము లభించెను. గృహాధారిత శ్రమపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో ఆమోదించిన 177వ ఒడంబడికను భారతదేశము ఇంకను ధ్రువీకరింపలేదు.