కాలువలో ఒక న్యాయం, కడలిలో ఒక న్యాయం

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి కాలువలు చేలకు నీరివ్వడంతోనే ఆగలేదు. లాకులు దాటుకుంటూ పడవలు సాగే బాటలూ అయ్యాయి. తణుకు చుట్టుపక్కల పండిన ధాన్యం ఓడ ఎక్కాలంటే ముందు పడవ ఎక్కాలి. సరుకు అదే, సరుకుదారూ అతనే. కానీ పడవ దిగి ఓడలో చేరగానే దానికి వర్తించే న్యాయం తలకిందులయ్యేది. సముద్రంలో ముప్పు ఎక్కువ కనుక ఆ తేడా అని సర్దిచెప్పడం పరిపాటి. నాకు మాత్రం అది బేరమాడే బలంలోని తేడాగానే కనిపిస్తుంది.

కాలువ సంగతి ముందు. 1865 నాటి క్యారియర్ల చట్టం నేల మీదా, దేశంలోపలి జలమార్గాల్లోనూ ఎవరి సరుకైనా కిరాయికి మోసేవారికి వర్తించింది. బంగారం, పట్టుబట్టల వంటివి వంద రూపాయల విలువ మించితే ముందే చెప్పాలి. చెప్పకుండా ఎక్కించినవి పోతే మామూలుగా మోసేవాడిది పూచీ కాదు. ధాన్యం ఆ జాబితాలో లేదు. సరుకుదారు సంతకం చేసిన ఒప్పందంతో పూచీ తగ్గించుకోవచ్చు గానీ, తన నిర్లక్ష్యం నుంచీ తన మనుషుల నిర్లక్ష్యం నుంచీ తప్పించుకునే దారి లేదు. పైగా దావాలో ఆ నిర్లక్ష్యాన్ని సరుకుదారు రుజువు చేయనక్కర్లేదు. 1872లో కాంట్రాక్టు చట్టం వచ్చాక, మామూలు మనిషి చూపే జాగ్రత్త చూపితే చాలదా అన్న వాదన లేచింది. ఐరావతి ఫ్లోటిల్లా కంపెనీ కేసులో 1891లో ప్రివీ కౌన్సిల్ దాన్ని తోసిపుచ్చింది. బర్మా నుంచి వెళ్ళిన ఆ వ్యాజ్యంలోని తీర్పు గోదావరి కాలువ పడవలకూ వర్తించేదే.

ఓడ కథ వేరు. స్టీమరు కంపెనీలు సరుకు ఎక్కించుకున్నందుకు ఇచ్చే కాగితంలో, అంటే బిల్ ఆఫ్ లేడింగులో, మినహాయింపులు గుప్పించేవి. ఓడ సరుకు రవాణాపై కుదిరిన 1924 అంతర్జాతీయ హేగ్ నియమాలు, వాటిని మనకు తెచ్చిన 1925 చట్టం ఆ స్వేచ్ఛకు కళ్ళెం వేశాయి; అయినా ఓడ నడపడంలో కెప్టెన్, నావికులు చేసిన తప్పుకు యజమాని బాధ్యుడు కాడన్న మినహాయింపును ఉంచేశాయి. ప్యాకేజీకి వంద పౌన్లన్న పరిమితి కూడా ఉండేది, బియ్యం బస్తాకు అంత ధర ఎప్పుడుంది కనుక! అసలు దెబ్బ మినహాయింపుదే. దాని మీద ఉమ్మడి నష్టం ఒకటి. ఓడను కాపాడడానికి కొంత సరుకు కావాలనే సముద్రంలో పారేస్తే, ఆ నష్టాన్ని ఓడా, సరుకులూ విలువల దామాషాలో పంచుకోవాలన్నది రోడ్స్ ద్వీపం పేరుతో రోమన్ న్యాయంలోకెక్కిన సూత్రం. అందంగానే ఉంది. అయితే నిర్లక్ష్యాన్ని మన్నించే షరతు కాగితంలో ఉంటే, ఓడవాళ్ళ తప్పుతోనే ముప్పు వచ్చినా సరుకుదారు తన వాటా కట్టాల్సిందేనని 1890లో క్యారన్ పార్క్ కేసులో ఇంగ్లండు కోర్టు తేల్చింది.

సముద్రపు ముప్పుకు యజమానిని బాధ్యుణ్ణి చేస్తే ఓడలే నడవవంటారు. దైవికమైన విపత్తుకు కాలువ పడవవాడిదీ పూచీ కాదు; తేడా వచ్చింది మనిషి చేసిన తప్పు దగ్గర. దూరానున్న కెప్టెన్‌ను యజమాని అదుపు చేయలేడన్న మాటకు ఒకప్పుడు బలముండేది, 1925 నాటికి ఓడల్లో వైర్‌లెస్ ఉంది. బీమా ఉందిగా అంటే, సరుకు మీద ప్రీమియం భారం చివరికి సరుకు మీదే. మన తీరంలో దయగల నౌకాన్యాయం ఎప్పుడో ఉందంటూ మోటుపల్లి అభయశాసనాన్ని చూపేవారూ ఉన్నారు. తుపానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వరాజుల్లా లాక్కోనని, నిర్ణీత సుంకమే తీసుకుంటానని 1244లో కాకతీయ గణపతిదేవుడు మాటిచ్చాడు. ఎగుమతి దిగుమతుల మీద ముప్పైలో ఒక వంతు. గొప్ప మాటే, కానీ అది వర్తకుణ్ణి రాజు నుంచి కాపాడింది. ఓడవాడికీ సరుకుదారుకూ మధ్య నష్టం ఎలా తెగాలో అది చెప్పలేదు.

హేగ్ రాజీకి మూలం అమెరికా 1893 హార్టర్ చట్టం. ఓడను ప్రయాణానికి తగినట్టు సిద్ధం చేస్తే నడపడంలోని తప్పు మన్నిస్తామన్న ఆ బేరంలో అక్కడి ఎగుమతిదారులకు తమ ప్రభుత్వం అండగా ఉంది. తణుకు రైతు తరఫున మాట్లాడినవారు లేరు. ఒకటి రెండు పడవలున్న కాలువ యజమానికీ లేరు, అందుకే కఠిన న్యాయం అతని మీదే నిలిచింది. ధాన్యం లారీలకు మారి, రవాణా కంపెనీలు బలపడ్డాక, 2007 రోడ్డు రవాణా చట్టం 1865 చట్టాన్ని రద్దు చేసింది. సరుకు విలువ ముందే చెప్పి ఎక్కువ రుసుము కట్టకపోతే మోసేవాడి పూచీకి ఇప్పుడు చట్టమే హద్దు గీస్తుంది. పడవవాడు ఆ మాత్రం హద్దు కోసం సరుకుదారు సంతకం అడగాల్సి వచ్చేది.