తాళం వేసిన పలకరింపులు

ఏ ఊళ్ళో డబ్బాలో వేసిన కార్డయినా చిరునామా సరిగా ఉంటే చేరవలసిన చోటికి చేరుతుంది. ఒక కంపెనీ టెలిఫోను నుంచి మరో కంపెనీ టెలిఫోనుకు మాట్లాడగలగడమూ అటువంటిదే. కంప్యూటరు సందేశాలలో మాత్రం ఈ మర్యాద కోసం పెద్ద పెనుగులాటే జరిగింది. ఆ ముచ్చట సభ్యుల ముందుంచుతున్నాను.

అమెరికా ఆన్‌లైన్ సంస్థ 1997లో ‘ఎయిమ్’ అనే తక్షణ సందేశాల సదుపాయం ప్రారంభించింది. ఆ ప్రోగ్రాము సర్వరుతో మాట్లాడే నియమావళి, అంటే ప్రోటోకాల్, పేరు ‘ఆస్కార్’. సంస్థ అప్పట్లో దాన్ని వెల్లడించలేదు. బయటి ఇంజనీర్లు ఓపికగా చదువుకున్నారు. తెరమీద ఒక పని చేయడం, తీగమీద పోయిన అంకెలు రాసుకోవడం, మరో పని చేసి ఏది మారిందో పోల్చడం - ఇదీ పద్ధతి. ప్రతి కట్టా నక్షత్రపు గుర్తుతో మొదలవుతుందనీ, మొదటి 6 బైట్లలోనే వరుస సంఖ్యా, పొడవూ ఉంటాయనీ అలాగే తేలింది.

1999 జూలైలో మైక్రోసాఫ్ట్ తన మెసెంజరును విడుదల చేసి, అందులోంచే ఎయిమ్ మిత్రులతో మాట్లాడే వీలు కల్పించింది. అమెరికా ఆన్‌లైన్ దారి మూసింది. మైక్రోసాఫ్ట్ మార్చుకుని మళ్ళీ వచ్చింది. వారాల తరబడి ఇదే తంతు. చివరకు అమెరికా ఆన్‌లైన్ తన ప్రోగ్రాములోని ఒక లోపాన్నే ఆయుధం చేసుకుంది. సర్వరు ఆ లోపం గుండా ప్రోగ్రాము సొంత కోడులోని ముక్కను తిరిగి పంపమనేది. అసలు ప్రోగ్రాము పంపేది, పరాయిది పంపలేకపోయేది. పోటీదారును ఆపడానికి తన వాడుకదారుల కంప్యూటర్లలోని రంధ్రాన్ని వాడుకోవడమన్నమాట! ఆ ఏడాది చివరికి మైక్రోసాఫ్ట్ విరమించుకుంది.

గెలిచిన సదుపాయమూ నిలవలేదు. 2017 డిసెంబరు 15న ఎయిమ్ మూతపడింది. అయితే బయటివారు రాసిపెట్టుకున్న వివరాలు మిగిలాయి. వాటి ఆధారంగా ఔత్సాహికులు సొంత సర్వర్లు తయారుచేసి పాత ప్రోగ్రాములను తిరిగి పలికించారు. యజమాని దాచిన భాషను పొరుగువాడి నోటుపుస్తకమే కాపాడింది.

పెద్ద సందేశ సంస్థలు, కోరిన ఇతర సంస్థలకు తలుపు తెరవాలని ఐరోపా సమాఖ్య 2022లో చట్టమే చేసింది. దూరదేశాల్లోని మనవలతో వాట్సాప్‌లో మాట్లాడే మనకు ఇది పరాయి విషయం కాదు. మాటలు మనవి, అవి నడిచే దారి ఒక్కరి చేతిలోనే ఉంటే, ఆ ఒక్కరూ తలుపు మూసిన నాడు పలకరింపులూ ఆగిపోతాయి.