కృష్ణారెడ్డి ముద్రాచిత్రకళ: రేకు, రంగు, రూపం

రాజంపేట సమీపంలోని తాళ్లపాక అన్నమాచార్యుల జన్మస్థలంగా తెలుగు సాహిత్య చరిత్రలో సుప్రసిద్ధం. ఆ వాగ్గేయకారుని సంకీర్తనలు రాగిరేకుల మీద చెక్కబడి తిరుమలలో భద్రపడ్డాయి. అక్కడ రేకు పాటకు నిలువపాత్ర. చెక్కడానికి ముందే పాట రూపుదిద్దుకొని ఉన్నది. అదే రాయలసీమలో, చిత్తూరు ప్రాంతపు నందనూరులో 1925లో జన్మించిన కృష్ణారెడ్డి చేతిలో లోహపు రేకు మరొక ధర్మాన్ని నిర్వహించింది. ఈ రెండింటి నడుమ ప్రభావ సంబంధాన్ని ఊహించనక్కరలేదు. అయితే ఈ భేదాన్ని గుర్తిస్తే కృష్ణారెడ్డి సృజన విధానం సుబోధకమవుతుంది. ఆయన రేకుపై రూపం ముందుగా సిద్ధమై వచ్చి చేరదు; చెక్కే క్రమంలోనే పుడుతుంది.

కృష్ణారెడ్డిని బహువర్ణ ముద్రణ పద్ధతిని రూపొందించినవారిలో ఒకరుగా పరిచయం చేయడం పరిపాటి. ఈ పరిచయం సత్యమే గాని అసంపూర్ణం. పద్ధతిని దృష్టి నుండి వేరుచేస్తే ఆయన కేవలం సాంకేతిక నిపుణుడుగా మిగులుతాడు.

ఆయన శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ వద్ద విద్యనభ్యసించాడు. ప్రకృతిని పైరూపంతో గాక దాని అంతర్గత గమనంతో గ్రహించే దృష్టి ఆ విద్యలో ప్రధానమైనది. తరువాత లండన్‌లోని స్లేడ్ కళాశాలలోను, పారిస్‌లో ఒసిప్ జాడ్కిన్ వద్దను శిల్పాన్ని అభ్యసించాడు. పారిస్‌లోనే స్టాన్లీ విలియం హేటర్ నడిపిన ‘అతెలియే 17’ అనే ముద్రణశాలలో చేరి, అనంతరం దాని సహ నిర్దేశకుడయ్యాడు. శిల్పిగా శిక్షణ పొందినవాడు ముద్రణశాలలో ప్రవేశించడం ఆయన కళాజీవితంలో నిర్ణాయక ఘట్టం.

సంప్రదాయిక వర్ణముద్రణలో ప్రతి రంగుకూ సాధారణంగా ఒక్కొక్క రేకు అవసరం. కృష్ణారెడ్డి, కైకో మోతీ, హేటర్‌ల కృషితో వికసించిన పద్ధతిలో అనేక వర్ణాలు ఒకే రేకు నుండి ఒకేసారి కాగితంపైకి వస్తాయి. దీనికి ఆధారం సిరా చిక్కదనంలోని తేడా. అవిసె నూనె ఎక్కువగా కలిపిన పలుచని సిరాను గట్టి రోలరుతో రేకు ఎత్తుభాగాలకు పూస్తారు. పిమ్మట చిక్కని సిరాను మెత్తని రోలరుతో నడిపిస్తే, అది ఒత్తిడికి లోతుల్లోకి దిగుతుంది. పలుచని సిరా ఉన్నచోట అంటుకోదు. అందువల్ల వర్ణవిభజనను శాసించేది రేకులోని నిమ్నోన్నతాలే. ఏ రంగు ఎక్కడ నిలవాలో నిర్ణయించాలంటే ముందు రేకును ఉబ్బెత్తు శిల్పంవలె పలు లోతుల్లో మలచాలి. చిత్రకారుని వర్ణజ్ఞానం, శిల్పి హస్తకౌశలం, ముద్రాకారుని పదార్థజ్ఞానం ఇక్కడ ఏకమవుతాయి.

ఈ ఏకత్వం ఇతివృత్తాలలోనూ కనబడుతుంది. ‘వర్ల్‌పూల్’ (1963) లో సుడి ఒక గీసిన ఆకారం కాదు. రేకులోని గాడులు, వాటివెంట పారే రంగులు కలిసి కల్పించిన చలనం. 1968 నాటి పారిస్ విద్యార్థి ఉద్యమ నేపథ్యంలో వెలువడిన ‘డిమాన్‌స్ట్రేటర్స్’ లో మానవాకృతులు విడివిడిగా నిలిచినా ఒకే రేకు నుండి, ఒకే ఒత్తిడిలో పుడతాయి. వ్యక్తికీ సమూహానికీ గల సంబంధం ఇక్కడ ముద్రణ ప్రక్రియలోనే ఇమిడి ఉన్నదని భావించవచ్చు. ‘గ్రేట్ క్లౌన్’ కు ఆయన వేర్వేరు వర్ణసంయోజనలతో ముద్రలు తీశాడు. ప్రతి ముద్రా పూర్వముద్రకు నకలు కానవసరం లేదనే భావన దీనిలో స్పష్టం.

1972లో పద్మశ్రీ పొందిన కృష్ణారెడ్డి తరువాత న్యూయార్క్‌లో స్థిరపడి, అక్కడి విశ్వవిద్యాలయంలో ముద్రణకళను బోధించాడు. 2018లో ఆ నగరంలోనే కన్నుమూశాడు. తన పద్ధతిని రహస్యంగా దాచుకొనక, బోధన ద్వారాను, 1988లో వెలువడిన గ్రంథం ద్వారాను ఇతరులకు అందించాడు.

చిత్రకారుడు, శిల్పి, ముద్రాకారుడు అనే వర్గీకరణలో ఏ ఒక్కటీ ఆయనకు సరిపోదు. తెలుగు కళాచరిత్ర రచన కళాకారులను మాధ్యమాన్నిబట్టి విభజించినంతకాలం ఇటువంటివారు ఏ అధ్యాయంలోనూ పూర్తిగా ఇమడరు. పూర్తయిన చిత్రంతోపాటు, దానిని కన్న రేకును కూడ కళాకృతిగా పఠించినప్పుడే కృష్ణారెడ్డి కృషికి న్యాయం జరుగుతుంది.