‘తప్ప’ అనే మాట: భారతీయ చట్టభాషలో బుద్ధిమాంద్యం

తెలుగు వార్తాపత్రికల్లో ‘మతిస్థిమితం లేని యువతి’ అనే పదబంధం తరచుగా కనిపిస్తుంది. ఆమెకు ఉన్నది మానసిక వ్యాధా, బుద్ధిమాంద్యమా అన్నది ఆ మాటవల్ల తెలియదు. మానసిక వ్యాధి ఏ వయసులోనైనా రావచ్చు, చికిత్సతో తగ్గవచ్చు. బుద్ధిమాంద్యం ఎదిగే వయసులోనే ఏర్పడే స్థితి. దానికి మందులకన్నా శిక్షణ, విషయాన్ని ఓపికగా విడమరచి చెప్పే తీరు, నిత్యజీవితంలో తోడు అవసరం. ఈ రెండింటినీ వేరుచేసి చూడటానికి మన చట్టాలకు చాలా కాలం పట్టింది. ఆ క్రమం చాలావరకు ‘తప్ప’ అనే మినహాయింపు పదం చుట్టూ నడిచింది. ఆ పదం ఎవరిని వెలివేసిందో, ఎవరిని కాపాడిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

వారసత్వ భాగానికి అనర్హులను చెప్పేచోట యాజ్ఞవల్క్యస్మృతి ఉన్మత్తుణ్ణి, జడుణ్ణి వేర్వేరు పదాలతో పేర్కొంది. ఇద్దరికీ భాగం లేదు, పోషణ మాత్రం కుటుంబ బాధ్యత. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షరా వ్యాఖ్యను అనుసరించి 13వ శతాబ్దంలో కేతన ‘విజ్ఞానేశ్వరీయము’ రచించాడు. బ్రిటిష్ న్యాయస్థానాలు దక్షిణాది హిందువుల వారసత్వ వివాదాల్లో మితాక్షరనే ప్రధాన ప్రమాణంగా స్వీకరించడంతో ‘అన్నం ఉంది, భాగం లేదు’ అన్న పద్ధతి ఆధునిక న్యాయంలోనూ కొనసాగింది. 1928 నాటి హిందూ వారసత్వ అనర్హతల తొలగింపు చట్టం దీనిని సంస్కరించింది. వ్యాధి, అంగవైకల్యం కారణంగా ఎవరినీ వారసత్వానికి దూరం చేయరాదని, పుట్టుకతో ఉన్మాదులు, జడులు తప్ప, అని నిర్దేశించింది. అంధులకూ బధిరులకూ దక్కిన హక్కు వీరికి దక్కలేదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టంలోని 28వ సెక్షన్ వచ్చేవరకు ఆ ‘తప్ప’ తొలగిపోలేదు.

ఉన్మాదాన్నీ జడత్వాన్నీ ప్రాచీనులు కనీసం రెండు పేర్లతో పిలిచారు. 1912 నాటి భారత ఉన్మాద చట్టం ఆ భేదాన్ని కూడా పాటించలేదు. జడుడు లేదా స్వస్థబుద్ధి లేని వ్యక్తి, ఎవరైనా సరే ‘ఉన్మాది’ అని ఒకే నిర్వచనంలో చేర్చింది. మరుసటి సంవత్సరమే, అంటే 1913లో, ఇంగ్లండులో బుద్ధిమాంద్యానికి ప్రత్యేక చట్టం వచ్చింది. అయితే అది వేరుచేసింది ప్రత్యేక సంస్థల్లో నిర్బంధించడానికి. కాబట్టి భేదాన్ని గుర్తించినంత మాత్రాన న్యాయం జరిగినట్టు కాదు.

1912 నిర్వచనం దాదాపు అరవై ఏళ్ల తరువాత కూడా పనిచేసింది. 1971 నాటి వైద్య గర్భవిచ్ఛిత్తి చట్టం ‘ఉన్మాది’ అయిన స్త్రీ విషయంలో సంరక్షకుని లిఖిత సమ్మతి కావాలంటూ, ఆ పదానికి అర్థాన్ని 1912 చట్టం నుంచే తీసుకుంది. ఆ విధంగా బుద్ధిమాంద్యం గల స్త్రీ కూడా అందులో చేరింది. 1984లో సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో ఈ రంగానికి ప్రత్యేకంగా జాతీయ సంస్థ ఏర్పడింది. 1987 నాటి మానసిక ఆరోగ్య చట్టం ‘బుద్ధిమాంద్యం తప్ప’ ఇతర మానసిక రుగ్మతలకు చికిత్స అవసరమైనవారే మానసిక రోగులని నిర్వచించింది. 1995 నాటి వికలాంగుల చట్టం ఈ రెండు స్థితులను రెండు వేర్వేరు వైకల్యాలుగా లెక్కించింది. 2002లో గర్భవిచ్ఛిత్తి చట్టాన్ని సవరించినప్పుడు ‘ఉన్మాది’ స్థానంలో ‘మానసిక రోగి’ వచ్చింది, ‘బుద్ధిమాంద్యం తప్ప’ అన్న మినహాయింపుతో సహా. నాడు దాన్ని పెద్దగా ఎవరూ గమనించినట్టు లేదు.

ఆ మినహాయింపు విలువ 2009లో, సుచితా శ్రీవాస్తవ వర్సెస్ చండీగఢ్ పరిపాలనా యంత్రాంగం కేసులో వెల్లడైంది. ప్రభుత్వ సంరక్షణాలయంలో ఉంటున్న ఒక అనాథ యువతి అక్కడే అత్యాచారానికి గురై గర్భవతి అయింది. కాపాడవలసిన ప్రభుత్వమే గర్భవిచ్ఛిత్తికి అనుమతి కోరింది. హైకోర్టు నియమించిన నిపుణుల బృందం ఆమెకున్నది స్వల్పం నుంచి మధ్యస్థం స్థాయి బుద్ధిమాంద్యమనీ, ఆమె బిడ్డను కనాలనుకుంటోందనీ నివేదించింది. అయినా హైకోర్టు గర్భవిచ్ఛిత్తికే ఆదేశించింది. చట్టం నాడు విధించిన 20 వారాల గడువు సమీపించిన దశలో సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని నిలిపివేసింది. ఆమె మానసిక రోగి నిర్వచనంలోకి రాదు కనుక ఆమె సమ్మతి తప్పనిసరి, ప్రభుత్వం సంరక్షక పాత్రలో ఉన్నా ఆమె తరఫున సమ్మతించలేదు అన్నది తీర్పులోని కీలకాంశం. తగిన తోడు ఉంటే ఆమె బిడ్డను పెంచగలదన్న అంశాన్ని కూడా న్యాయస్థానం పరిగణించింది. తన అంచనాకు మేధాశక్తి కొలతలను మాత్రమే ఆధారం చేసుకోకుండా, ఆమె ఏమి కోరుకుంటోందో, ఆమెకు ఏ సాయం కావాలో అడిగింది. 1928లో భాగం నిరాకరించిన పదమే ఇక్కడ ఒక స్త్రీకి తన దేహంపై హక్కును నిలబెట్టింది.

సంరక్షకత్వం అన్న భావన కూడా ఈ క్రమంలోనే మారింది. 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టం స్థానిక స్థాయి సంఘాల ద్వారా సంరక్షకుణ్ణి నియమించే ఏర్పాటు చేసింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ‘మాంద్యం’ అన్న మాటను విడిచి ‘మేధోవైకల్యం’ అన్న పేరు తెచ్చింది. తార్కిక శక్తితో పాటు నిత్యజీవన నైపుణ్యాలనూ నిర్వచనంలో చేర్చింది. 14వ సెక్షన్‌లోని పరిమిత సంరక్షకత్వంలో సంరక్షకుడూ ఆ వ్యక్తీ పరస్పర అవగాహనతో కలిసి నిర్ణయం తీసుకోవాలి. కన్నవారి తరువాత ఎవరు అన్న భయంతో బతికే కుటుంబాలకు ఈ సెక్షన్ గురించి తెలియజెప్పేవారు మన జిల్లాల్లో తక్కువ. సదరం ధ్రువపత్రం, పింఛను దగ్గరే మాట ఆగిపోతోంది.

అదే చట్టంలోని 92వ సెక్షన్ వైకల్యం గల స్త్రీకి ఆమె స్పష్టమైన సమ్మతి లేకుండా గర్భవిచ్ఛిత్తి చేయడం శిక్షార్హమంది. ‘తీవ్ర వైకల్యం’ ఉన్న సందర్భంలో, వైద్యుని అభిప్రాయంతో, సంరక్షకుని సమ్మతితో చేస్తే తప్ప. ఎంతటి వైకల్యాన్ని తీవ్రమనాలో ఆ సెక్షన్ చెప్పదు.