వెంట్రుకంత తీగ వెనుక మనిషి

ల్యాప్‌టాప్ మూత కీలు గుండా తెరకు బొమ్మను మోసుకుపోయేది, చాలా యంత్రాలలో, వెంట్రుకంత సన్నని కోయాక్సియల్ తీగల కట్ట. 40 గేజి తీగలో నడిమి రాగి మందం సుమారు 0.08 మిల్లీమీటర్లే. అంత సన్నం కనుకనే పదేపదే వంగినా ఓర్చుకుంటుంది. రాగిపైన విద్యుత్తును పోనివ్వని పొర, దానిపైన లోహపు తొడుగు ఉంటాయి.

ఈ కూర్పు చరిత్రను వెదుకుతూ వెళితే నేను ఆలివర్ హెవీసైడ్ దగ్గర ఆగాను. ఆయన 1850లో లండన్‌లో జన్మించాడు. బాల్యంలో వచ్చిన జ్వరంతో వినికిడి తగ్గింది. పదహారో ఏటనే బడి చదువు ముగిసింది. టెలిగ్రాఫ్ ఉద్యోగాన్ని 1874లో వదిలేశాడు.

ఆ రోజులలో పక్కపక్కనే సాగే తీగల సంకేతాలు ఒకదానిలోకి మరొకటి చొరబడేవి. పోయే తీగ చుట్టూ తిరిగివచ్చే వాహకాన్ని గొట్టంలా తొడిగితే, రెండింటి ప్రభావాలూ వెలుపల పరస్పరం రద్దవుతాయని గ్రహించి, 1880లో ఇంగ్లండులో పేటెంటు పొందాడు. అమెరికాలో ఎస్పెన్‌షీడ్, ఆఫెల్ దీనినే అధిక పౌనఃపున్యాలకు అనువుగా మలచి 1929లో పేటెంటుకు దరఖాస్తు చేశారు. 1936లో న్యూయార్క్, ఫిలడెల్ఫియాల నడుమ ప్రయోగాత్మకంగా అటువంటి తీగ వేశారు.

హెవీసైడ్ అప్పటికే లేడు. 1925లో టార్కీలో పేదరికంలోనే కన్నుమూశాడు. తీగల గుసగుసలు పక్కతీగ చెవిన పడకుండా చేసినవాడు చెవి సరిగా వినపడని మనిషి కావడం నన్ను ఇప్పటికీ ఆలోచింపజేస్తుంది.